చిన్న ఆయుధము – పెద్ద పూచీ

ఇంట పెట్టెలో భద్రపఱచిన ఆయుధము వేఱు. ప్రతిదినము వెంట ధరించు ఆయుధము వేఱు. మొదటిది చెడినచో దిద్దించుకొనుటకు వ్యవధి యుండును. రెండవదాని లోపము తఱచుగా ప్రాణాపాయ సమయమునందే బయటపడును. అప్పుడు అంగడివా డిచ్చిన పూచీపత్రము అక్కఱకు రాదు. కావుననే నేటి చిన్న రివాల్వరుల పనితనమును గూర్చి పాఠకులకు కొన్ని మాటలు విన్నవింపదలచితిమి. వీని యుత్పత్తికి ముఖ్యస్థానము అమెరికా. అందుచేత మా విచారణయు అచ్చటనే మొదలిడవలసియున్నది.

చిన్న రివాల్వరు నేడు పుట్టినది కాదు. కోల్టు కంపెనీ 1927లో రెండంగుళముల గొట్టము గల 'డిటెక్టివ్ స్పెషల్'ను వెలువరించెను. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1950లో అయిదు తూటాల 'చీఫ్స్ స్పెషల్'ను తెచ్చెను. దాని బరువు ఇంచుమించు 550 గ్రాములు. ఆ దినములలో ఉక్కును కాచి, అచ్చునందు మోది, యంత్రముపై చెక్కిన పిదప, అనుభవశాలియైన పనివాడు ఆకురాయితో ఒక్కొక్క భాగమును రాచి, మఱియొక దానితో సరిచూచి కూర్చెడివాడు. 1965లో అదే కంపెనీ తుప్పుపట్టని ఉక్కుతో రివాల్వరును చేసినది. ఒడలి నంటియుండి చెమటకు లోనగు ఆయుధమున కిది నిజమైన మేలు.

బరువు తగ్గించు పందెమును సాగినది. అల్యూమినియము, టైటేనియము, స్కాండియము కలిపిన అల్యూమినియము ఒకదానివెంట నొకటి వచ్చినవి. 2009లో రూగర్ కంపెనీ ట్రిగ్గరు యంత్రమును ప్లాస్టిక్ గూటిలో నమర్చి, సుమారు 380 గ్రాముల రివాల్వరు నమ్మసాగెను. లోపలి చిన్న భాగములను చేయు పద్ధతియు మాఱినది. లోహచూర్ణమును బంధకద్రవ్యముతో కలిపి అచ్చులోనికి ఒత్తిడితో నెక్కించి, బంధకమును తొలగించి, కొలిమిలో కాల్చుచున్నారు. కాల్పునందు ఆ భాగము నూటికి 15 మొదలు 20 వంతుల వఱకు కుదించుకొనును. ఆ కుదింపును ముందుగా లెక్కించి అచ్చు చేయవలయును.

ఈ క్రొత్త పద్ధతి యంతయు మోసమని పలుకువారితో మేము ఏకీభవింపము. లెక్క సరియైనచో వేయి భాగములును ఒకే కొలతకు వచ్చును. మనుష్యుని చేతికి అది సాధ్యము కాదు. చిక్కు వేఱొకచోట నున్నది. ఆకురాయి పట్టిన పనివాడు కూర్చువాడు మాత్రమే కాదు, పరీక్షకుడు కూడ. అతని పని తొలగిన చోట పరీక్షకుని పనియు తొలగినచో, ఆ భారము కొనువాని నెత్తిన పడును.

చిన్నతనము తప్పును క్షమింపదు. తూటాలు నిలుచు చక్రమునకును గొట్టమునకును నడుమ నుండవలసిన సందు అంగుళములో వేయింట నాలుగు మొదలు పది వంతులు మాత్రమే. అది మిక్కిలి తక్కువైన మసి పట్టి చక్రము బిగుసుకొనును. ఎక్కువైన మంటయు, లోహపు పొట్టును ప్రక్కలకు చిమ్మును. సుత్తి పడకమునుపే చక్రము గొట్టమునకు సూటిగా నిలిచి బిగియవలయును. లేనిచో గుండు గొట్టపు అంచును ఒరసికొని పోవును. బరువు తగ్గినకొలది వెనుకతాపు హెచ్చును. ఆ కుదుపునకు మిగిలిన తూటాలలోని గుండ్లు ముందునకు జాఱి, చక్రమును కదలనీయకుండుటయు కలదు. తేలికయే మేలని యెంచువారు ఈ సంగతి మఱువరాదు.

ఇట్టి వస్తువును పరీక్షింపవలసిన వారెవ్వరు? బర్మింగుహాములో 1813 శాసనముచే నేర్పడిన పరీక్షాశాల యున్నది. ఇంగ్లండులో తుపాకి అమ్మకమునకు రాకమునుపు, సాధారణపు తూటాకంటె హెచ్చు ఒత్తిడి గల తూటాతో కాల్చి, నిలిచినదానిపై ముద్ర వేయవలయునని శాసనము. అమెరికాలో నిట్టి నిర్బంధము లేదు. పరీక్ష తయారీదారుల యిష్టమునకు విడువబడినది. అంతకంటె వింత మఱియొకటి: పిల్లల బొమ్మలను సైతము అంగడినుండి వెనుకకు రప్పింపగల వినియోగవస్తు భద్రతా సంఘము, తనను స్థాపించిన 1972 శాసనము ననుసరించియే, తుపాకుల జోలికి పోరాదు. లోపమున్న ఆయుధమును వెనుకకు పిలుచుట తయారీదారుని మనస్సాక్షికిని, న్యాయస్థానములలోని వ్యాజ్యములకును వదలివేయబడినది.

ఇక మన సంగతి. 1878 ఆయుధ శాసనముతో పరప్రభుత్వము ప్రజలను నిరాయుధులను గావించిన కథ పాఠకు లెఱిగినదే. స్వతంత్ర భారతమున దాని స్థానమున 1959 శాసనము వచ్చినది. 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము టైటేనియపు మిశ్రలోహముతో 'నిర్భీక్' అను రివాల్వరును స్త్రీల రక్షణార్థమని వెలువరించెను. బరువు సుమారు 500 గ్రాములు, నాటి వెల ఇంచుమించు 1,22,000 రూపాయలు. స్వదేశీ వస్తువు కదాయని మేము సంతసించితిమి. ఐనను స్వదేశీ యనుట పొగడ్త మాత్రమే కాదు, బాధ్యత కూడ. మన శాసనము ప్రకారము లైసెన్సు లేనివాడు ఆయుధమును మరమ్మతు సైతము చేయరాదు. ఊరి కమ్మరి దిద్దగల నాగలి కాదిది. కాబట్టి కర్మాగారపు గడప దాటకమునుపే అది నిర్దుష్టమై యుండవలయును.

మా కోరిక స్వల్పము. అమ్ముడగు ప్రతి రివాల్వరుతోడను, దాని సంఖ్య వ్రాసి, చక్రపు సందు ఎంత, ఎన్ని తూటాలు కాల్చి చూచిరి, పరీక్షించిన దెవ్వరు అను వివరములతో చేవ్రాలుగల పత్రమొకటి ఈయవలయును. అమెరికా తయారీదారులును, మనవారును దీనిని పాటింపవచ్చును, ఖర్చు అత్యల్పము. కొనువారును మెఱుగు చూచి మురియక, తూటాలు లేవని ముందు నిశ్చయించుకొని, ప్రతి గదియు సరిగా బిగియుచున్నదో లేదో అంగడిలోనే చూడవలయును. పిదప తాము వాడదలచిన తూటాలతోనే, అనుమతి గల కాల్పుస్థలమున పరీక్షింపవలయును.

మెఱుగు కంటికి, పనితనము ప్రాణమునకు. ఈ రెంటికిని గల భేదము నెఱిగి అడుగువా డున్నచోటనే మంచి వస్తువు పుట్టును.