ఏడుగురికి ఒక పాత బండి

మా ఇంటిలో ఏడుగురము. మా అమ్మగారు, మేము దంపతులము, నలుగురు పిల్లలు. మేమున్నది గుంటూరు. బంధువర్గంలో సగానికి పైగా కడపలో ఉన్నారు. నికాహ్‌కైనా, జనాజాకైనా వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా పోవలసిందే. అమ్మగారికి డెబ్బయి అయిదేళ్ళు దాటినవి. మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేని స్థితి. ఒకసారి కడపలోని మా మేనమామ మరణవార్త తెలిసి అద్దె బండి కోసం వెదికి, అది దొరికి బయలుదేరేసరికే ఆలస్యమై, మేము చేరేటప్పటికి ఖననం ముగిసింది. సోదరుని ముఖాన్ని కడసారి చూడలేకపోయానన్న బాధ అమ్మగారిని చాలా కాలం వేధించింది. సొంత బండి కొనాలన్న నిర్ణయం ఆనాటిది.

మదరసా జీతంతో క్రొత్త బండి మాట తలపెట్టనవసరం లేదు. పన్నెండేళ్ళు కూడబెట్టిన సొమ్ము కొంత, దమ్మామ్‌లో పని చేస్తున్న మా తమ్ముడు ఖర్జె హసనాగా ఇచ్చినది కొంత కలిపి 2021 ఆరంభంలో బండి వేటలో పడ్డాము. వడ్డీ లేని అప్పులో ఒక ఇబ్బంది ఉన్నది. అది సోదరుని చెమట. దానిని వృథా చేసే హక్కు మనకు లేదు. మేము చేసినది అదే. ఆ సంగతి ముందుకు చెప్పుకుందాము.

మూడు వరుసల బండ్లన్నింటినీ అమ్మకందార్లు ఒకే పేరుతో పిలుస్తారు. ఎత్తుగా ఉన్న ప్రతిదీ వారికి ఎస్‌.యు.వి.యే. కొనేవారు మాత్రం పేరును వదలి మూడవ వరుసలోకి ఎక్కి కూర్చోవాలి. మనం కాదు, ఆ వరుసలో కూర్చోబోయేవారు. పాత స్కార్పియో, బొలేరో బండ్లలో కొన్ని రకాలకు వెనుక సీట్లు ఎదురెదురుగా, ప్రక్కకు తిరిగి ఉంటాయి. హఠాత్తుగా బ్రేకు వేస్తే అందులోని పిల్లలు ప్రక్కకు విసరివేయబడతారు. పిల్లలు గల ఇంటికి అవి తగవని మా అభిప్రాయం. ఎక్స్‌.యు.వి. 500 వంటి వాటిలో సీట్లు ముందుకే చూస్తున్నా, చివరి వరుసలో పెద్దవారి మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయి. ఇన్నోవాలో చోటు ఎక్కువే, కాని మెట్టు ఎత్తు. ఎర్టిగా నేలకు కొంత దగ్గరగా ఉంటుంది, మధ్య వరుస ముందుకు జరుగుతుంది, అందువల్ల వెనుకకు పోవటం సులువు. వృద్ధులకు మధ్య వరుసయే స్థానం. ఏడు సీట్ల ఇన్నోవాలో ఆ వరుసలో రెండు విడి కుర్చీలుంటాయి. నడుమ సందులోంచి పిల్లలు వెనుకకు పోగలరు, పెద్దవారిని లేపనవసరం లేదు. ఎనిమిది సీట్ల దానిలో ఆ సౌకర్యం లేదు.

మరొక మాట. ఏడుగురు ఎక్కిన తరువాత డిక్కీలో రెండు చేతి సంచులకు మించి పట్టవు. పెండ్లికి వెళ్ళే కుటుంబం సామాను ఎంతో మన ఇంటి ఆడవారిని అడిగితే తెలుస్తుంది. కంపెనీయే సి.ఎన్‌.జి. అమర్చిన ఎర్టిగాలో సిలిండరు ఆ డిక్కీలోనే కూర్చుంటుంది, కనుక ఆ రెండు సంచుల చోటు కూడా పోతుంది. పైకప్పు మీద క్యారియరు వేయించే ఖర్చును బండి ధరలోనే కలిపి లెక్క వేసుకోవాలి.

మేము మొదట కొన్నది 2013 నాటి డీజిలు ఎర్టిగా. హైదరాబాదులోని ఒక కన్సల్టెన్సీలో 4 లక్షల 60 వేలకు దొరికింది. తళతళలాడే రంగు, క్రొత్త సీటు కవర్లు, లోపల అత్తరు పరిమళం. అమ్మినతడు మాకు సలాము చేసి, టీ తెప్పించి, "మౌలానా సాబ్, మీకు అబద్ధం చెప్తానా" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా విచారణ ముగిసింది. మెకానిక్కును వెంట తీసుకుపోలేదు. ఖుదూరీ గ్రంథంలోని క్రయవిక్రయాల అధ్యాయాన్ని ఏటేటా విద్యార్థులకు బోధించే మేము, అందులో చెప్పిన ఖియారె షర్త్‌ను, అనగా గడువు షరతును కోరటమైనా మరచాము. సరుకు తీసుకొని, నచ్చకపోతే తిరిగి ఇస్తానని ముందుగానే ఒప్పుకోవటం దాని సారాంశం. ఇమామ్ అబూ హనీఫా (ర) అభిప్రాయంలో ఆ గడువు మూడు దినాలు. ఒక మంచి మెకానిక్కు బండిని లిఫ్టు మీదకు ఎక్కించి చూడటానికి మూడు దినాలు ధారాళంగా సరిపోతాయి.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. తొలకరి వానలు పడగానే బండి లోపల మురుగు వాసన మొదలైంది. సీటు కవర్లు ఉతికించాము. వాసన పోలేదు. తరువాత కిటికీ అద్దాలు తమంత తాముగా ఆగిపోసాగాయి. జులైలో ఒక రాత్రి కడప నుండి వస్తూ గిద్దలూరు చేరకముందే హెడ్‌లైట్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎదుట లారీ. వెనుక అమ్మగారు, పిల్లలు. అల్లాహ్ అనుగ్రహం వలన బండి రోడ్డు అంచున ఆగింది. ఇషా నమాజు ఆ రోడ్డు ప్రక్కనే చేసుకొని, ఫజ్ర్ వెలుతురు వచ్చేదాకా అక్కడనే కూర్చున్నాము. చిన్నవాడు చీకటికి జడిసి అమ్మగారి దుప్పటిలో దూరి నిద్రపోయాడు.

గుంటూరు మెకానిక్కు సీట్లు విప్పి, లోపలి కార్పెట్టు ఎత్తాడు. అడుగున అర అంగుళం మందాన ఎండిపోయిన బురద. వైర్లు కలిసే చోట పచ్చటి తుప్పు. 2020 అక్టోబరులో హైదరాబాదు పాతనగరంలో ఇండ్లూ బండ్లూ మునిగిన వరదలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అది ఆ నీటిలో నిలిచిన బండి కావచ్చునని అతడు అనుమానించాడు. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగిలినప్పుడు అమ్మకందారును దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మనకు తెలిసినదే. మేము రాశి పైభాగం చూసి కొన్నాము.

మునిగిన బండిని కనిపెట్టటం కష్టమేమీ కాదని మాకు తరువాత తెలిసింది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. బెల్టు మొదట్లో మట్టి చారలుంటే అది నీరు చేరిన గుర్తు. సీట్ల క్రింది ఇనుప పట్టాలకూ బోల్టులకూ తుప్పు ఉన్నదా, హెడ్‌లైటు అద్దం లోపల ఆవిరి మరకలున్నవా, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉన్నదా చూడాలి. కారు లోపల అత్తరు ఘాటుగా ఉంటే, ఆ అత్తరు దేనికోసమో అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు కూడా ఎన్నో బండ్లు నీళ్ళలో నిలిచాయి. బాగు చేయించి, ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అమ్మేవారి చేతిలో అవి పడితే మాత్రం రంగు వేసుకొని ఎక్కడెక్కడికో పోతాయి. ఢిల్లీ బండ్ల సంగతి వేరు. అక్కడ పాతబడిన డీజిలు బండ్లపై ఆంక్షలున్నందున అవి చవకగా ఇటు వస్తాయి. అయితే అక్కడి ఎన్‌.ఓ.సి. తేవటం, ఇక్కడ మరల జీవితకాల పన్ను కట్టటం లెక్క చూస్తే ఆ చవక చాలా వరకు కరగిపోతుంది.

కన్సల్టెన్సీ వారి వద్దకు వెళ్ళాము. మేము సంతకం చేసిన కాగితం చూపించారు. బండిని ఉన్నది ఉన్నట్లుగా తీసుకున్నామనీ, తరువాత ఏ లోపానికీ వారిది బాధ్యత కాదనీ అందులో ఉన్నది. అటువంటి షరతుపై జరిగిన అమ్మకం విషయంలో ఫిఖహ్ పండితుల మధ్య అభిప్రాయభేదమున్నది. తెలిసిన లోపాన్ని దాచటం పాపమన్న విషయంలో మాత్రం భేదం లేదు. అది చెప్పాము. ఆయన నవ్వి మళ్ళీ టీ తెప్పించాడు. మేము త్రాగలేదు.

అసలు పరీక్ష ఇంటికి వచ్చిన తరువాత ఎదురైంది. దగ్గరి మిత్రుడొకరు, సద్భావంతోనే, "మళ్ళీ ఒకసారి రంగు వేయించి వేరే ఊళ్ళో అమ్మేయండి. మీకు ఎవరో చేశారు, మీరూ అదే చేస్తే సరిపోతుంది" అన్నారు. అబద్ధమెందుకు, ఆ రాత్రి ఆ మాట మాకు న్యాయంగానే తోచింది. పోయింది తమ్ముని సొమ్ము. అతడు ఎండలో నిలిచి సంపాదించినది. మరునాడే ఒక విద్యార్థి తండ్రి బండి చూడటానికి వచ్చారు. కూరగాయల వ్యాపారి, నలుగురు ఆడపిల్లల తండ్రి. బండి చుట్టూ తిరిగి, "మీ బండి అంటే చూడనక్కర లేదు హజ్రత్" అన్నారు. మేము హైదరాబాదులో నిలబడిన చోటే ఆయన ఇప్పుడు నిలబడి ఉన్నారు. కార్పెట్టు ఎత్తి చూపించాము. ఆయన చాలా సేపు మౌనంగా ఉండి వెళ్ళిపోయారు.

చివరికి ఒక మెకానిక్కే కొన్నాడు. లోపాలన్నీ కాగితం మీద వ్రాసి, ఇద్దరమూ సంతకాలు చేశాము. 2 లక్షల 10 వేలు వచ్చింది. మిగిలిన రెండున్నర లక్షల సంగతి ఫోనులో చెప్పినప్పుడు తమ్ముడు కొంతసేపు పలకలేదు. తరువాత, "భాయీజాన్, అమ్మీజాన్ క్షేమంగా ఉన్నారు కదా" అని మాత్రం అడిగాడు. ఆ అప్పు ఇప్పటికీ నెలనెలా తీరుస్తున్నాము.

రెండవసారి తొందరపడలేదు. రెండేళ్ళు ఆగాము. ఈసారి పెట్రోలు బండి చాలనుకున్నాము. మా నిత్యప్రయాణం ఇల్లు, మదరసా, బజారు. ఏడాదిలో ఆరేడు సార్లు కడప. 2020 ఏప్రిలు నుండి వస్తున్న బి.ఎస్‌. 6 డీజిలు బండ్లలో పొగమసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. వీధుల్లో రెండు మూడు కిలోమీటర్లే నడిపితే అది మూసుకుపోతుంది, శుభ్రపడాలంటే హైవే మీద నిలకడగా నడపాలి. నెలకు వేల కిలోమీటర్లు తిరిగేవారికి డీజిలు లాభం, మా వంటివారికి కాదు. షెవర్లే వారి టవేరా చవకగా వస్తుందని ఒకరు చెప్పారు. ఆ కంపెనీ 2017 చివరన మన దేశంలో అమ్మకాలు నిలిపివేసింది. విడిభాగాల కోసం ఎక్కడెక్కడ తిరగాలో తలచుకొని ఆ ఊసు మానుకున్నాము.

మీటరు చూపే కిలోమీటర్లను నమ్మకుండా కంపెనీ సర్వీసు రికార్డు తెప్పించుకున్నాము. నలభై వేలే తిరిగిందన్న ఒక బండిలో క్లచ్ పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉన్నది. దానికి సలాము చెప్పి వచ్చేశాము. టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. బండి పాతది, టైర్లు నాలుగూ క్రొత్తవి అయితే అది సంతోషించవలసిన విషయమే కావచ్చు, బాగా తిరిగిందనటానికి సాక్ష్యమూ కావచ్చు. 2019 జులై తరువాత తయారైన కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. దానికి ముందరి బండ్లలో చవక రకాలకు అదీ ఉండకపోవచ్చు, కనుక అడిగి తెలుసుకోవాలి.

చాలామంది తేలికగా తీసుకునేది కాగితాలు. అమ్మినవారూ కొన్నవారూ 29, 30 నెంబర్ల ఫారాలపై సంతకాలు చేస్తే పని అయిపోయిందనుకుంటారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు 14 దినాలలో, కొన్నవారు 30 దినాలలో రవాణా శాఖకు తెలియజేయాలి. ఆర్‌.సి.లో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే నష్టపరిహార బాధ్యత పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. కాబట్టి అమ్మేవారికే ఇది ఎక్కువ ముఖ్యం. బండిపై బ్యాంకు అప్పు ఉంటే ఆ సంగతి ఆర్‌.సి.లోనే కనిపిస్తుంది. బ్యాంకు ఎన్‌.ఓ.సి., 35వ నెంబరు ఫారము చేతికి రానిదే సొమ్ము పూర్తిగా ఇవ్వరాదు. అప్పు తీరని బండిని తీరినదని నమ్మి కొన్నవారు మా బంధువులలోనే ఇద్దరున్నారు.

2023లో మాకు దొరికినది 2019 నాటి పెట్రోలు ఎర్టిగా. అమ్మినది ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు. బండి చుట్టూ మేము ఇంకా తిరగకముందే ఆమె, "ఎడమ వెనుక తలుపు ఒకసారి టింకరింగ్ చేయించామండి. గేటుకు తగిలింది. ఏ.సి. కూడా ఎండాకాలంలో కొంచెం ఆలస్యంగా చల్లబడుతుంది" అన్నారు. అయినా మెకానిక్కు వచ్చాడు, కార్పెట్టు ఎత్తాడు, బెల్టులు లాగాడు. ఆమె కుర్చీ వేసుకొని కూర్చుని అతడికి మంచినీళ్ళు ఇచ్చారు. ఆమె చెప్పిన రెండు లోపాలే అతడికీ దొరికాయి. మేము బేరమాడలేదు. మా ఇల్లాలు మాత్రం ఆడింది, అయిదు వేలు తగ్గించారు.

బండి తెచ్చిన రోజున అమ్మగారు మధ్య వరుసలో ఎడమ ప్రక్క కిటికీ దగ్గర కూర్చున్నారు. అంత తక్కువ ఎత్తు మెట్టు కూడా ఆమెకు కష్టంగానే ఉన్నది. మదరసాలోని వడ్రంగి చేత నాలుగంగుళాల ఎత్తు చెక్కపీట చేయించి డిక్కీలో పెట్టాము. సామాను ఎంత ఉన్నా ముందుగా దానికి చోటు చూసుకొని, ఆ తరువాతనే తక్కినవి సర్దుతున్నాము.