మళ్లీ మొదటి పేజీ నుంచి

1812 మార్చి 11, బుధవారం సాయంత్రం. బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్ మిషన్ ముద్రణాలయం. అచ్చుపని బాధ్యత చూసే విలియం వార్డ్ తన గదిలో కూర్చుని పని చేసుకుంటున్నాడు. ఉన్నట్టుండి పొగ వాసన వచ్చింది. పరుగెత్తి చూస్తే కాగితాలు నిలవ చేసిన చోట మంటలు! గాలి ఆడితే నిప్పు పెరుగుతుందని ఆయన తలుపులు, కిటికీలు అన్నీ మూయించాడు. పైకప్పుకు కంత కొట్టించి నీళ్లు పోయించాడు. మంట అదుపులోకి వస్తున్నట్టే కనిపించింది. అంతలో ఎవరో ఒక కిటికీ తెరిచారు. బహుశా సాయం చేద్దామన్న తొందరలోనే కావచ్చు. లోపలికి దూసుకొచ్చిన గాలికి 200 అడుగుల పొడవున్న ఆ భవనం ఈ కొస నుంచి ఆ కొస దాకా అంటుకుంది. అర్ధరాత్రికి పైకప్పు కూలిపోయింది. దేవుని దయవల్ల ప్రాణనష్టం మాత్రం జరగలేదు. నిప్పు ఎలా పుట్టిందో చివరిదాకా తేలలేదు.

విలియం కేరీ ఆ రాత్రి అక్కడ లేడు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో పాఠాలు చెప్పే పని మీద ఉన్నాడు. మర్నాడు ఉదయం తోటి సేవకుడు జాషువా మార్ష్‌మన్ వెళ్లి ఆయనకు ఆ కబురు చెప్పాడు. అప్పటికి కేరీకి యాభై ఏళ్లు. భారతదేశానికి వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. శ్రీరాంపూర్ చేరి చూస్తే ఏం మిగిలింది? ఎన్నో భాషల టైపు సీసం ముద్దలుగా కరిగిపోయింది. కన్నడ కొత్త నిబంధన రాతప్రతి కాలిపోయింది. బెంగాలీ నిఘంటువులో ఎన్నో పేజీలు పోయాయి. తన జీవితంలోకెల్లా పెద్ద కృషిగా కూర్చుకుంటూ వచ్చిన సంస్కృత మహానిఘంటువు బూడిదైంది. వాటితోపాటు ఆయన సిద్ధం చేసిన తెలుగు వ్యాకరణం కూడా పూర్తిగా కాలిపోయింది.

ఇప్పుడైతే ఒక ఫైలు పోతే ఎక్కడో ఇంకో నకలు దొరుకుతుందేమోనని వెతుక్కుంటాం. ఈకతో, సిరాతో, దీపం వెలుగులో రాసుకున్న కాగితాలకు నకలు ఎక్కడుంటుంది? ఒక్క రాత్రిలో ఏళ్ల కష్టం పోయింది.

మన ఇంట్లోని మంటలు

మనలో అచ్చు యంత్రాలున్నవాళ్లు తక్కువే. కానీ ఇలాంటి రాత్రి రాని ఇల్లు తక్కువ. నాలుగేళ్లు చదివి రాసిన పోటీ పరీక్షలో ఒక్క మార్కు తేడాతో పేరు రాని యువకుడు మన సంఘంలోనే, మూడో బల్ల మీద కూర్చుని ఉంటాడు. రేపో మాపో కోత అనుకున్న వరి తుపానుకు నేలకొరిగితే ఆ చేను గట్టు మీద నిలబడిన రైతు కూడా ఆదివారం ఆరాధనకు వస్తాడు. పిల్ల పెళ్లికని నెలనెలా కట్టిన చీటీ డబ్బుతో ఊరు విడిచి పోయినవాడి సంగతి తెలిసిన రోజున ఆ తల్లి కూడా పాటల పుస్తకం తెరిచి అందరితో కలిసి పాడుతుంది. బయటికి ఎవరూ ఏమీ చెప్పరు. లోపల మాత్రం ఒకటే ప్రశ్న: మళ్లీ మొదటి నుంచా?

ఈ ప్రశ్నకు మనం సాధారణంగా రెండు తప్పుడు జవాబులు ఇచ్చుకుంటాం. మొదటిది, 'ఇక నా వల్ల కాదు' అని కూలబడిపోవడం. రెండోది, ఏమీ జరగనట్టు నటించడం. విశ్వాసి అన్నవాడు బాధపడకూడదని ఎవరో చెప్పినట్టు, కన్నీళ్లు మింగి నవ్వుతూ తిరగడం. కేరీ ఈ రెండూ చేయలేదు. కాలిన గోడల మధ్య నడిచినప్పుడు ఆయన దుఃఖపడ్డాడు. ఆ తరువాతి ఆదివారం ప్రసంగానికి నలభై ఆరో కీర్తన తీసుకున్నాడు. ఊరకుండి, దేవుడే దేవుడని తెలుసుకొమ్మని పిలిచే మాట అది. మనల్నీ మన పనినీ తన చిత్తప్రకారం నడిపించే హక్కు దేవునికి ఉందని, దానికి తలవంచడం మన వంతని ఆయన బోధించాడు. అది ఎవరికో చెప్పిన ప్రసంగం కాదు, ముందుగా తనకు తాను చెప్పుకున్నది.

ఇక్కడ మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఉంది. గుండె గట్టిపడడం అంటే రాయి కావడం కాదు. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువు కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా విడిచాడు. కాబట్టి పోయినదాని కోసం ఏడవడం అవిశ్వాసం కాదు. ఏడ్చి, దేవుని ముందు మౌనంగా కూర్చుని, ఆ తరువాత లేవడమే మనం చేయాల్సింది.

ఇంట్లో ఏముంది?

శ్రీరాంపూర్‌లో ఆ మౌనం వెనక పని ఆగలేదు. చల్లారీ చల్లారని శిథిలాల్లో వార్డ్ వెతకడం మొదలుపెట్టాడు. అచ్చు యంత్రాలు పక్క గదిలో ఉండడం వల్ల బతికాయి. అక్షరాలు పోతపోయడానికి మూలమైన ఉక్కు ముద్రలు బూడిద కింద చెడకుండా దొరికాయి. కరిగిపోయిన సీసం కూడా పనికొచ్చింది. దాన్నే తవ్వి తీసి, మళ్లీ కరిగించి, కొత్త అక్షరాలు పోశారు. ఆ మధ్యే ఖాళీ అయిన పక్క గిడ్డంగిలోకి పని మార్చారు. పోతపని వాళ్లు రాత్రింబవళ్లు శ్రమించారు. కొన్ని నెలల్లోనే ఒక్కో భాష టైపు మళ్లీ సిద్ధమైంది.

ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలి సంగతి గుర్తు చేసుకుందాం (2 రాజులు 4). అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకులనూ బానిసలుగా పట్టుకుపోతానంటున్నాడు. ఆమె పోయినవాటి గురించి చెప్పుకుని ఏడ్చింది. ప్రవక్త మాత్రం నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఒక చిన్న నూనెకుండ తప్ప ఏమీ లేదంది. దేవుడు తన కార్యాన్ని ఆ కుండతోనే మొదలుపెట్టాడు.

నష్టం జరిగిన రోజు మన మనసు పోయినవాటి జాబితానే పదేపదే చదువుతుంది. మిగిలినవాటి జాబితా మనంతట మనమే కూర్చుని రాయాలి. పరీక్ష పోయింది, కానీ చదివిన చదువు పోలేదు. చేను పోయింది, కానీ భూమి ఉంది, చేతులున్నాయి. డబ్బు పోయింది, కానీ పదిమంది దగ్గర సంపాదించుకున్న నమ్మకం పోలేదు. ఆ ఉక్కు ముద్రల్లాగే కొన్ని సంగతులు నిప్పుకు కాలవు. దైవభయం, నేర్చుకున్న పని, మాట తప్పని అలవాటు అలాంటివి.

రెండో చుట్ట మొదటిదాని కన్నా పెద్దది

బైబిలులో అచ్చంగా ఇలాంటి సంఘటనే ఒకటుంది. యిర్మీయా ముప్ఫై ఆరో అధ్యాయం తెరిచి చూద్దాం. ప్రవక్త చెబుతూ ఉంటే బారూకు సిరాతో గ్రంథపుచుట్ట రాశాడు. అది చివరికి రాజైన యెహోయాకీము ముందుకు వచ్చింది. చలికాలం. రాజు ముందు కుంపటి మండుతోంది. యెహూది మూడు నాలుగు పుటలు చదివేసరికల్లా రాజు చాకుతో ఆ భాగం కోసి కుంపటిలో పడేస్తున్నాడు. వద్దని ముగ్గురు అధికారులు బతిమాలినా వినలేదు. చుట్ట అంతా కాలిపోయేదాకా ఊరుకోలేదు.

దేవుడు ఆ బూడిదను అద్భుతంగా మళ్లీ చుట్టగా మార్చలేదు. ఇంకొక చుట్ట తీసుకుని రాయమన్నాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. మొదటి చుట్టలోని మాటలన్నీ రాయడమే కాదు, అలాంటివి ఇంకా అనేకం చేర్చారని ఆ అధ్యాయం చివరి వచనం చెబుతుంది. రెండో చుట్ట మొదటిదాని కన్నా పెద్దది!

బారూకు సామాన్యమైన మనిషే. మొదటి చుట్ట రాసిన రోజుల్లోనే అలసిపోయాననీ, నెమ్మది దొరకడం లేదనీ మూలిగాడు. నీ కోసం గొప్ప సంగతులు వెతుక్కోవద్దని దేవుడు అతన్ని హెచ్చరించాడు (యిర్మీయా 45). ఆ హెచ్చరిక కఠినంగా ఉన్నా, అందులో విడుదల ఉంది. మనం చేసిన పని మన పేరు నిలబెట్టాలని చేస్తే, అది కాలిపోయిన రోజున మనం కూడా దాంతోపాటే కాలిపోతాం. దేవుడు అప్పగించిన పని అనుకుని చేస్తే, రెండోసారి కలం పట్టుకునే బలం వస్తుంది.

కేరీ కూడా తన ఉత్తరాల్లో ఇలాంటి మాటే చెప్పుకున్నాడు. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడవడం మొదటిసారి కన్నా సులువనీ, తడబాటు తగ్గుతుందనీ ఆయన భావం. అది ఉత్త ధైర్యవచనం కాదని తెలుగువాళ్లమైన మనకు తేదీలతో సహా తెలుసు. 1812లో కాలిపోయిన ఆ తెలుగు వ్యాకరణాన్ని ఆయన మళ్లీ రాశాడు. 1814లో అది శ్రీరాంపూర్‌లోనే అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచి వెలువడింది.

రోజుకు కొంచెం

ఇంత ఓర్పు ఆయనకు ఎక్కడిది? అది ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. ఇంగ్లండులోని ఒక పల్లెలో పుట్టి, చెప్పులు కుట్టే పని నేర్చుకున్న మనిషి ఆయన. పని చేసుకుంటూనే భాషలు నేర్చుకున్నాడు. 1793లో మన దేశానికి వచ్చాక, మొదటి బెంగాలీ విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరులో. అంటే ఏడేళ్ల పాటు కంటికి కనిపించే ఫలం లేదు. ఆ ఏడేళ్లూ ఆయన చేసిందల్లా ఇవాళ్టి పని ఇవాళ చేయడమే. నిప్పు వచ్చిన రోజున ఆయనను నిలబెట్టింది, నిప్పు లేని రోజుల్లో చేసుకున్న ఆ అలవాటే.

మనం చాలాసార్లు పెద్ద నిర్ణయాలతో మొదలుపెడతాం. జనవరి ఒకటో తారీఖున బైబిలు మొత్తం చదివేస్తామంటాం. లేవీయకాండం వచ్చేసరికి ఆగిపోతాం. ఆగినందుకు సిగ్గుపడి పుస్తకమే మూసేస్తాం. దానికన్నా రోజుకు ఒక్క అధ్యాయం మేలు. ఒక రోజు తప్పినా మర్నాడు తప్పిన చోటి నుంచే చదవడం ఇంకా మేలు. ప్రార్థన అయినా, చదువు అయినా, కోపం తగ్గించుకోవడం అయినా ఇంతే. నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడని సామెతల గ్రంథం చెప్పే మాటలో పడడం కూడా ఉందని మరచిపోవద్దు.

అన్నీ తిరిగి రావు

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. అన్నీ తిరిగి రాలేదు. ఆ సంస్కృత మహానిఘంటువును కేరీ మళ్లీ కూర్చలేకపోయాడు. శ్రీరాంపూర్ అనువాదాల్లో లోపాలున్నాయని తరువాతివాళ్లు ఎత్తిచూపారు. మనం నేడు చదువుకునే తెలుగు బైబిలు ఆయనది కాదు, ఆ తరువాత ఇతరులు మెరుగుపరుస్తూ వచ్చినది. అంతకన్నా పెద్ద నష్టాలు ఆయన ఇంట్లోనే ఉన్నాయి. ఐదేళ్ల కొడుకు పీటర్ 1794లో చనిపోయాడు. ఆ తరువాత భార్య డోరతీ మతి చలించి, 1807లో మరణించేదాకా కోలుకోలేదు. ఆమె బాధను పక్కనబెట్టి ఆయన పట్టుదలను మాత్రమే పొగిడితే మనం నిజం చెప్పినట్టు కాదు. మన ఇళ్లలో కూడా ఒకరి సేవ వెనక, ఒకరి ఎదుగుదల వెనక నలిగిపోతున్నవాళ్లు ఉంటే వాళ్ల మాట వినడం కూడా ఎదుగుదలే. మనసుకు జబ్బు చేసినవాళ్లను ప్రార్థన చాలదా అని గద్దించకుండా, ప్రార్థిస్తూనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం ప్రేమ.

పైగా కేరీ ఒంటరిగా లేవలేదు. శిథిలాల్లో వెతికిన వార్డ్ ఉన్నాడు. కబురు మోసుకెళ్లిన మార్ష్‌మన్ ఉన్నాడు. పేర్లు ఎక్కడా కనిపించని పోతపనివాళ్లున్నారు, భాషలు నేర్పిన మన పండితులున్నారు. సంగతి తెలిసి ఇంగ్లండు, స్కాట్లాండు సంఘాలు సుమారు 10 వేల పౌండ్లు పోగుచేసి పంపాయి. 'నా కాళ్ల మీద నేనే నిలబడతాను' అనడం బలంలా వినిపిస్తుంది కానీ, దేవుడు చాలాసార్లు మనల్ని పక్కవాడి చెయ్యి అందించే లేపుతాడు. ఆ చెయ్యి అందుకోవడానికి కూడా కొంత తగ్గింపు కావాలి.

ఈ వారం మన సంఘంలో అలా నిప్పు చూసినవాళ్లు ఎవరున్నారో ఒకసారి చుట్టూ చూద్దాం. మూడో బల్ల మీద కూర్చున్న ఆ యువకుడికి ప్రసంగం చెప్పవద్దు. ఆరాధన అయ్యాక ఇంటికి పిలిచి అన్నం పెడదాం. మళ్లీ దరఖాస్తు రాయడానికి పక్కన కూర్చుందాం. నిప్పు మన ఇంట్లోదే అయితే, ఈ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం తీసుకుని మిగిలినవాటి పేర్లు రాద్దాం. వాటిని దేవుని ముందు పెట్టి, రేపు ఉదయం చేయవలసిన ఒక్క పనిని ఎంచుకుందాం. రెండో చుట్టలో మొదటి మాట రాసిన రోజున, చివర్లో ఇంకా ఎన్ని మాటలు చేరబోతున్నాయో బారూకుకు కూడా తెలియదు.