తాటాకు దొన్నె, గోలీ సోడా

విరుదునగర్‌లో కోవిల్‌పట్టి బస్సెక్కితే దారిలో సాత్తూరు తగులుతుంది. వేసవిలో అక్కడ బస్సు సరిగ్గా ఆగకముందే కిటికీల దగ్గరికి దోసకాయలు వచ్చేస్తాయి. లేత కాయలు, నిలువునా చీల్చి ఉప్పూ కారం అద్దినవి. మనం కాలక్షేపానికి కొరుకుతాం. ఆ గంటలో ఒంటికి కావలసిన నీళ్లూ ఉప్పూ వాటితోనే లోపలికి పోతాయి.

రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి. తమిళంలో దీన్ని కరిసల్ అంటారు. ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్లినవాళ్లు ఈ నల్లమట్టిలో స్థిరపడ్డారు. ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, చదువూ రాతా మాత్రం తమిళం. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసనే 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు, అదీ తమిళంలోనే.

ఇక్కడి ఎండకో స్వభావం ఉంది. వాన తక్కువ, గాలి పొడి. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిల్లో అగ్గిపెట్టెల పరిశ్రమ నిలదొక్కుకోవడానికి ఆ పొడిగాలీ ఒక కారణమే. అగ్గిపుల్ల మందును ఆరబెట్టే గాలి మన చెమటనూ ఆరబెడుతుంది. చెన్నైలో అయితే చొక్కా తడిసి వీపుకి అంటుకుంటుంది కాబట్టి ఎంత చెమట పోయిందో తెలుస్తుంది. ఇక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది. సాయంత్రం విప్పి చూస్తే చంకల దగ్గర తెల్లటి ఉప్పుచారలు కనిపిస్తాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. 5 డిగ్రీల చల్లటి నీళ్లు పావు లీటరు తాగామనుకోండి. అవి ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు రావడానికి మన దగ్గర తీసుకునే వేడి 8 కిలో కేలరీలు. అవే పావు లీటరు నీళ్లు చెమటై చర్మం మీద పూర్తిగా ఆవిరైతే పట్టుకుపోయే వేడి సుమారు 145 కిలో కేలరీలు. దాదాపు 18 రెట్లు! ఐసు ముక్కలది గొంతు దిగేదాకా ఉండే ముచ్చట, అసలు పని చెమటది. అందుకే వేసవి పానీయాన్ని నేను రెండే ప్రశ్నలతో తూకం వేస్తాను: ఇంకో గ్లాసు తాగాలనిపిస్తుందా? చెమటతో పోయిన ఉప్పు తిరిగొస్తుందా? పండ్లూ ఆకులూ మొదటి ప్రశ్నకు జవాబు, చిటికెడు ఉప్పు రెండోదానికి.

ఈ పరీక్షలో మొదటి మార్కు నేను పదనీరుకి వేస్తాను. మనం నీరా అనేది దాన్నే. తాటిగెల కొన కోస్తే రాత్రంతా ఊరే తీపి రసం, అందులో చక్కెర పది పన్నెండు శాతం. తాటిచెట్టు తమిళనాడు రాష్ట్ర వృక్షం. కోవిల్‌పట్టి నుంచి తూర్పుగా సముద్రం వైపు వెళ్లేకొద్దీ తాళ్లు చిక్కబడతాయి. అమ్మేవాడు పచ్చి తాటాకును మడిచి, రెండు కొసలూ కలిపి దొన్నెలా కడతాడు. అందులో రెండు ముంజల్ని చిదిపి వేసి పైనుంచి పదనీరు పోస్తాడు. రెండు చేతులతో పట్టుకుని ఆకు అంచుకు పెదవి ఆనించి తాగాలి. పచ్చి ఆకు వాసన, రసం తీపి, మధ్యలో జారిపోయే ముంజ. పట్నం బార్లలో పొడుగు గ్లాసులకు పెట్టే కాక్‌టెయిల్ అనే పేరు దీనికీ చెల్లుతుంది, మత్తు లేదు గాని.

మత్తు లేకపోవడానికి కారణం సున్నం. గెలకు కట్టే ముందు లొట్టి లోపల సున్నం పూస్తారు. పూయకపోతే గాలిలోంచీ లొట్టి గోడల నుంచీ చేరిన ఈస్టు, బ్యాక్టీరియా చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెడతాయి, పొద్దెక్కేసరికి అది కల్లు. సున్నం రసాన్ని క్షారంగా మారుస్తుంది, ఆ క్షారంలో సూక్ష్మజీవులు పెరగలేవు. కల్లుకి తమిళనాడులో అనుమతి లేదు కాబట్టి ఒకే చెట్టు, ఒకే రసం, లొట్టికి పూసిన సున్నాన్ని బట్టి చట్టానికి ఇటో అటో అవుతుంది. ఎండకు కల్లు చలవ అని వాదించే పెద్దలు మన ఊళ్లలోనూ ఉన్నారు. మూత్రపిండాలు నీటిని వెనక్కి పట్టుకోవడానికి మెదడు పంపే వాసోప్రెసిన్ అనే హార్మోనును ఆల్కహాల్ అణిచేస్తుంది. తాగిన నీరు చెమటగా మారకముందే వేరే దారిన పోతుంది. ఈ మాట చెప్పినా వాళ్లు ఒప్పుకోరనుకోండి.

తర్వాతిది నన్నారి. రాయలసీమలో కూడా ఇదే పేరు, మిగతా చోట్ల సుగంధిపాల. ఆ వేళ్ల వాసనలో వెనిలా ఛాయ ఉందని మీకెప్పుడైనా అనిపించిందా? మీ ముక్కు పొరబడలేదు. నన్నారి పరిమళంలో ముఖ్యమైన అణువూ వెనిలా పరిమళమైన వెనిలినూ ఒకే అణుసూత్రం ఉన్న సమాంగాలు. పరమాణువులు అవే, అన్నే. గుంపులు అతుక్కున్న చోట్లే వేరు. షర్బత్‌లో తేలే సబ్జా గింజలు తులసి జాతివే. గింజపై పొరలోని జిగురు పిండిపదార్థం నిమిషాల్లో నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. వాటికి సొంతంగా చలవ గుణమేదీ ఉన్నట్టు నాకు తోచదు, జారుడుగా గొంతు దిగుతాయి, అంతే.

పుదీనా సంగతి వేరు. మెంథాల్ నాడుల్లోని టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని తట్టి, లేని చలిని ఉన్నట్టు చూపిస్తుంది. వేడినీ చలినీ పసిగట్టే గ్రాహకాల మీద పనికి డేవిడ్ జూలియస్ 2021లో, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి నోబెల్ పంచుకున్నారు. అయితే మన పెరటి కుండీల్లో తరచుగా కనిపించే పుదీనాలో కార్వోన్ ఎక్కువ, మెంథాల్ తక్కువ. వాసన ఘనం, చలి స్వల్పం. ఆ వాసన నూనె ఆకు పైనున్న చిన్న గ్రంథుల్లోనే ఉంటుంది. రోట్లో వేసి నూరితే ఆకు లోపలి చేదు కూడా బయటికొస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్క చరుపు చరిచి గ్లాసులో వేస్తే చాలు. దీనికి తలకిందులుగా మన పానకం ఉంది: అందులోని మిరియాలూ శొంఠీ వేడి గ్రాహకాల్ని తడతాయి, ఘాటుకు నుదుట చెమట పడుతుంది. రెండు దారులూ నాకిష్టమే, ఎండ మండుతున్నప్పుడు మాత్రం పానకానికే నా ఓటు.

ఇక సోడా. 1916లో విరుదునగర్‌లో పళనియప్ప నాడార్ మొదలుపెట్టిన కాళీమార్క్ నేటికీ దక్షిణ తమిళనాడులో చలామణీలో ఉంది, వాళ్ల బొవాంటో అనే పానీయాన్ని ఎరగనివాళ్లు అక్కడ అరుదు. గోలీ సీసా అంతకన్నా పాతది, ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872 నాటి ఉపాయం. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు వలయానికి అదిమి మూత వేస్తుంది. బడ్డీకొట్టు బల్ల మీద పన్నీర్ సోడా కూడా ఉంటుంది, మనవాళ్లెవరూ పాలవిరుగుడు అనుకోకండి, గులాబీ పన్నీరే. సోడా కొరుకు ఒట్టి బుడగలది కాదు. నాలుక మీది ఒక ఎంజైము కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా మారిస్తే పులుపు కణాలు దాన్ని పసిగడతాయి.

ఇంట్లో చేసుకోవాలంటే ఒక గ్లాసుకు అర నిమ్మచెక్క, రెండు చెంచాల నన్నారి పాకం, చెంచాడు నానిన సబ్జా, చరిచిన పుదీనా నాలుగాకులు, చిటికెడు ఉప్పు. నిమ్మను పిప్పి తేలేదాకా పిండొద్దు, తొక్కా గింజా చేదెక్కిస్తాయి. ఉప్పుతో పాటు కాస్త తీపి ఉండటం రుచి కోసమే కాదు. పేగు గోడలో గ్లూకోజూ సోడియం ఒకే ద్వారం గుండా జంటగా వెళ్తాయి, వాటి వెంట నీళ్లు నడుస్తాయి. 1971 బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించింది ఈ నమ్మకంతోనే. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఉప్పును మాత్రం ముందే నిమ్మరసంలో కరిగించి, ఆపైన సోడా పోయండి. నేను మొదటిసారి సోడా నిండుగా పోసి పైన ఉప్పు చల్లాను. ప్రతి ఉప్పురవ్వ చుట్టూ గ్యాసు బుడగ కట్టి నురగ ఒక్కసారిగా పొంగింది. పావు గ్లాసు గొంతులోకి, మిగతాది చొక్కా మీదికి. పొడిగాలి కదా, అదీ ఆరింది, ఒళ్లంతా చల్లగా.