కాలిబాటయు, కృత్రిమ నక్షత్రములును

బాట, త్రోవ, తెరువు, డొంక, పుంత – నడచిపోవు దారికి తెలుగున ఎన్ని మాటలు గలవో చూడుడు. ఇవి పర్యాయపదములని నిఘంటువు చెప్పవచ్చును గాని పల్లెవాసి ఒప్పుకొనడు. ఇరువైపుల ముళ్లకంచెలు గల దారి డొంక. పొలముల మీదుగా పోవునది పుంత. మా ఉర్దూశాఖ మిత్రుల నడిగినచో పగ్‌డండీ అను అందమైన మాట చెప్పుదురు. పాదముల ఒత్తిడిచేత తనంత తానేర్పడిన సన్నని దారి యది. ఈ మాటలకు ఒక విశేషము గలదు. దారి ఎక్కడనున్నదో ఇవి చెప్పవు, ఎట్లున్నదో చెప్పును. నేటి యంత్రముల సంగతి ఇందుకు సరిగా విరుద్ధము. దారి ఎక్కడనున్నదో కొలది మీటర్ల తేడాలో చెప్పగలవు. ఎట్లున్నదో మాత్రము వానికి తెలియదు. ఈ రెండింటిని జతపరచుట ఎట్లు అనునదే ఈ వ్యాసమున మేము వివరింపదలచిన విషయము.

పని మీద నడచుట లోకమున ఎల్లెడల గలదు. నడకకొరకే బాటలు వేసి పోషించుటను గత శతాబ్దమున అమెరికావారు ఒక ఉద్యమముగా నడపిరి. వానిలో ప్రసిద్ధమైనది అపలేచియన్ బాట. బెంటన్ మెకాయ్ అను అటవీశాస్త్రజ్ఞుడు 1921లో దీనిని ప్రతిపాదించెను. 1937 నాటికి పూర్తియైనది. నేడది దక్షిణమున జార్జియా రాష్ట్రములోని స్ప్రింగర్ కొండ మొదలు ఉత్తరమున మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ శిఖరము వరకు 14 రాష్ట్రముల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగుచున్నది. చెట్ల బోదెలపై రెండంగుళముల వెడల్పు, ఆరంగుళముల ఎత్తు గల తెల్లరంగు పట్టీలే దారి చూపు గుర్తులు. దీని బాగోగులు చూచువారిలో అధికులు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. మైరన్ ఏవరీ అను న్యాయవాది ఒక సైకిలు చక్రమునకు చుట్లు లెక్కించు సాధనము బిగించి, దానిని కొండలపై దొర్లించుచు బాటను కొలిచెను. 1936 నాటికి అతడు మొత్తము బాట నడచి ముగించెను. కొలుచువాడు నడవవలెను, నడచువాడు చూడవలెను. ఒక్క చక్రముతో రెండు పనులును నెరవేరినవి.

ఆ చక్రపు స్థానమును నేడు ఆక్రమించినది జి.పి.ఎస్. అను ఉపగ్రహ వ్యవస్థ. పూర్వులు ఉస్తుర్లాబుతో నక్షత్రముల ఎత్తు కొలిచి తామున్న చోటు తెలిసికొనెడివారు. పదునొకండవ శతాబ్దమున అల్‌బిరూనీ నందనా కోట దగ్గరి కొండ ఎత్తును, దానిపైనుండి కనబడు దిఙ్మండలపు వాలును కొలిచి భూగోళపు వ్యాసార్ధమునే లెక్కించెను. 1802లో మద్రాసు సెయింట్ థామస్ కొండ దగ్గర ఆధారరేఖ కొలిచి లాంబ్టన్ ప్రారంభించిన సర్వే, నిజాము రాజ్యము మీదుగా ఉత్తరమునకు సాగినది. వీరందరును కొలిచినవి ముఖ్యముగా కోణములు. జి.పి.ఎస్. కొలుచునది కోణము కాదు, కాలము.

అమెరికా రక్షణశాఖ 1978 నుండి ఉపగ్రహములను పంపి, 1995లో ఈ వ్యవస్థ సంపూర్ణమైనదని ప్రకటించెను. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కనీసము 24 ఉపగ్రహములు దినమునకు రెండేసి ప్రదక్షిణములు చేయును. ఉపగ్రహము మనలను చూచుచున్నదని పలువురి భ్రమ. అది చూడదు, తన స్థానమును, తన పరమాణు గడియారములోని వేళను ఎడతెగక చాటుచుండును, అంతే. మన చేతిలోని యంత్రము ఆ సంకేతమును విని, ఎంత ఆలస్యముగా అందినదో లెక్కించును. రేడియోతరంగము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గనుక ఆలస్యమును దూరముగా మార్చవచ్చును. మూడు ఉపగ్రహముల దూరములు తెలిసినచో స్థానము తేలును. చేతియంత్రపు చౌక గడియారములోని తప్పును దిద్దుటకు నాలుగవది కావలెను. సెకనులో పదిలక్షలవ వంతు పొరపాటు పడినను 300 మీటర్లు తప్పిపోవుదుము! ఐన్‌స్టీను సాపేక్షతా సిద్ధాంతము మన నిత్యజీవితమున దేనికి పనికివచ్చునని మా విద్యార్థులొకప్పుడు అడిగిరి. ఆ సిద్ధాంతము ననుసరించి ఉపగ్రహ గడియారము భూమిపైనున్నదానికంటె దినమునకు 38 మైక్రోసెకనులు ముందు నడచును. దానిని సవరింపనిచో ఒక్క దినములోనే లెక్క పది కిలోమీటర్లకు పైగా చెడును.

సైనిక కారణములచే పౌరుల సంకేతమును బుద్ధిపూర్వకముగా చెరచుచుండిరి. 2000 మే నెలలో ఆ ఆచారము మానిరి. అంతకుముందు నూరు మీటర్ల తేడా చూపిన యంత్రములు నాటినుండి పది, ఇరువది మీటర్ల లోపునకు దిగినవి. నేడు ఆరుబయట మంచి సెల్‌ఫోను అయిదు మీటర్ల తేడాతో స్థానము చూపుచున్నది. కాని బాటలుండునది ఆరుబయట కాదుగదా. తడిసిన ఆకులు సంకేతమును మ్రింగును. కొండచరియలు దానిని ప్రతిధ్వనివలె త్రిప్పికొట్టును. ఒకడు చెట్టునీడన కూర్చుండి అన్నము తినుచుండగా యంత్రము అతడు అటునిటు నడచుచున్నట్లు గీతలు గీయును. ప్రతి సెకనుకు ఒక బిందువు వ్రాసికొనినచో ఈ లేనిపోని నడకలన్నియు చేరి బాట పొడవు పెరుగును. అయిదు నిమిషములకు ఒకటి చొప్పున వ్రాసినచో వంపులన్నియు కత్తిరింపబడి పొడవు తగ్గును. బాట ఒక్కటే, పొడవులు రెండు. అందుచేత తెలిసినవారు ఒకే బాటను పలుమార్లు నడచి సగటు తీయుదురు. ముఖ్యస్థలములందు కొంతసేపు నిలిచి కొలుతురు. స్థానము ముందే తెలిసిన చోట మరొక యంత్రము నుంచి, దాని తప్పునుబట్టి తమ తప్పును దిద్దుకొనువారును గలరు.

అయితే సూక్ష్మతకై ప్రాణము విడువనక్కరలేదని మా అభిప్రాయము. బురదగుంట అయిదు మీటర్లు ఇటో అటో గుర్తింపబడినను బాగుచేయబోవువాని కంటికి కనబడనే కనబడును. పరుల భూమి సరిహద్దు వెంబడి పోవు బాట విషయము వేరు. అచ్చట మీటరు తేడా కోర్టుకు ఎక్కించును.

ఇక బాట ఎట్లున్నదను ప్రశ్న. బాటను చెరచునది పాదమే యని తోచును గాని, పాదము మట్టిని వదులు చేయుట మాత్రమే చేయును. దానిని ఎత్తుకొనిపోవునది నీరు. కొండవాలున తిన్నగా దిగు బాట తొలకరినాడే వాగుగా మారును. వాలునకు అడ్డముగా సాగినచో నీరు బాటను దాటి అవతలికి జారిపోవును. బాట వాలు కొండవాలులో సగమునకు మించరాదని బాటలు వేయువారికొక సూత్రము గలదు. కొండ నూటికి ముప్పది వంతున వాలియున్నచో బాట పదునైదు మించరాదు. ఈ సూత్రము తప్పిన చోట్లను కనిపెట్టినచో రాబోవు గండ్లను ముందుగానే చెప్పవచ్చును.

పరిశీలనకు రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. చెడిన చోట మాత్రమే ఆగి, గండి ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో వ్రాసికొనుట మొదటిది. చూపునకు ఎట్లున్నను సరే, సమానమైన ఎడములో ఆగి కొలుచుట రెండవది. మొదటిది మరమ్మతు చేయువానికి ఉపయోగము. ఏటేట మార్పును తెలిసికొనగోరువానికి రెండవదే నమ్మకము. ఆగిన చోట బాటకు అడ్డముగా రెండు మేకులు పాతి, నడుమ దారము బిగించి, ఆ దారమునుండి నేల ఎంత లోతున నున్నదో అంగుళము అంగుళమునకు టేపుతో కొలుతురు. ఆ సంఖ్యలను కూడినచో దారమునకు, నేలకు నడుమ కోల్పోయిన మట్టి వైశాల్యము వచ్చును. వెడల్పు, పైకి తేలిన వేళ్లు, బురద, పడిన చెట్లు, నీటిని మళ్లించుటకు అడ్డముగా పాతిన దుంగలు నిలిచియున్నవో కొట్టుకొనిపోయినవో – ఇవన్నియు వ్రాయుదురు. బురదను తప్పించుకొనుటకు నడచువారు ప్రక్కకు జరుగుదురు, అక్కడను బురదయగును, మరికొంత జరుగుదురు. ఒంటిబాట చూచుచుండగనే మూడుబాటలగును.

ఇచ్చట భాషకు సంబంధించిన చిక్కు ఒకటి గలదు గనుక మేము ఒకింత ఆగుదుము. ఒకరు 'బాగుగా లేదు' అని వ్రాసిన బాటను మరొకరు 'పరవాలేదు' అని వ్రాయుదురు. కొండవాసికి మెట్టు, పట్టణవాసికి గోడ! కావున నడచుటకు ముందే మాటలకు హద్దులు నిర్ణయింపవలెను. ఇన్ని అంగుళముల లోతు వరకు 'స్వల్పము', అంతకు మించినచో 'తీవ్రము' అని అందరును ఒప్పుకొనిన పిమ్మటనే పత్రము చేతబట్టవలెను. ఈ పని చేయనిచో ఎంత విలువగల యంత్రమైనను వ్యర్థమే.

వ్రాసిన ప్రతిదానికి తేదీ తప్పనిసరి. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుపాను అపలేచియన్ బాట దక్షిణభాగమును ముంచెత్తినది. లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలినవి. టెన్నెసీ రాష్ట్రమున అర్విన్ పట్టణము దగ్గర నోలిచకీ నదిపై బాటను దాటించు వంతెన కొట్టుకొనిపోయినది. నాడు పటములోని గీత ఒక్క మీటరైనను తప్పు కాదు. దానిని నమ్మి నడచినవానికి ఎదురైనది మాత్రము ఉరవడించు నది. స్థానము సత్యమై, స్థితి అసత్యమైన పటము బాటసారిని ఎచ్చటికి తీసికొనిపోవునో చెప్పనక్కరలేదు.

మన ప్రాంతమున వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకు సెలవుదినములలో నగరవాసులు నడకకై పోవుచున్నారు. మూసీనది పుట్టుచోటు అదియే. అక్కడి నీరు గండిపేటకు చేరును. బాటల మట్టియే చెరువును పూడ్చునని మేము అనము. ఎంత మట్టి పోవుచున్నదో కొలిచి చూడుదమని మాత్రము అనుచున్నాము. 2021 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములతో పటరచనకు ముందస్తు అనుమతుల బెడద చాలవరకు తొలగినది. 2004లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను సార్వజనిక పటమున బాట ఉనికినే గాక అది మట్టిదో రాతిదో, స్పష్టముగా కనబడునో లేదో కూడ ఎవరైనను నమోదు చేయవచ్చును. పేర్లు తెలుగునను, ఉర్దూనను వ్రాయవచ్చును. అడవిలో అడుగిడుటకు అటవీశాఖ అనుమతి వేరు. అది లేక కదలరాదు. జంతువులు నీరు త్రాగు చోటికి పోవు సన్నని జాడలను పటమున కెక్కింపరాదు. గీత కనబడిన చోటికెల్ల మనుష్యుడు పోవును.

కళాశాల కార్యవర్గమువారిని మేము కోరునది స్వల్పము. యంత్రము కొననక్కరలేదు, విద్యార్థుల జేబులలో నున్నది. రెండు టేపులు, దారపుచుట్ట, మేకులు, అచ్చువేసిన పత్రములు, రెండుసార్లు వికారాబాదునకు పోయివచ్చు ఛార్జీలు చాలును. వానలకు ముందొకసారి, వెనుకనొకసారి అవే చోట్ల దారము కట్టవలెను. తొలకరి జూనున పడును గనుక మొదటి కొలత మే నెలలోనే ముగియవలెను.