సీతానగరం స్టేషన్‌లో శిరోముండనం: జనం అనుకున్నవి, చట్టంలో ఉన్నవి

2020 జూలై 20న తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. మీసం కూడా తీయించారు. అంతకు రెండు రోజుల ముందు మునికూడలి దగ్గర ఇసుక లారీ ఒకాయన్ని గుద్దింది. ఊరి కుర్రాళ్ళు లారీలు ఆపేశారు. అక్కడికి వచ్చిన అప్పటి అధికార పార్టీ నాయకుడితో మాటామాటా పెరిగింది. ఫిర్యాదు స్టేషన్‌కి చేరింది, పోలీసులు ఆ కుర్రాణ్ణి తీసుకుపోయారు. బెల్టుతో కొట్టారని, ఆ తర్వాత గుండు చేయించారని అతను బయటికొచ్చి చెప్పాడు. గోల పెద్దదయ్యాక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను సస్పెండ్ చేశారు. ఎస్సైని అరెస్టు కూడా చేశారు.

అప్పటికి అమెరికాలో, మినియాపోలిస్ రోడ్డు మీద జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచి రెండు నెలలైనా కాలేదు. ఆ వీడియో చూసి కంటతడి పెట్టినవాళ్ళు మన జిల్లాల్లోనూ ఉన్నారు. అదే మనుషులు సీతానగరం విషయానికొచ్చేసరికి వేరేగా మాట్లాడారు. ఆ మాటలు ఇప్పటికీ టీ కొట్ల దగ్గర వినిపిస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూద్దాం.

అపోహ: జుట్టేగా, మళ్ళీ మొలుస్తుంది. దీనికింత రాద్ధాంతమా?

వాస్తవం: తిరుపతిలో మనంతట మనం ఇచ్చుకునే తలనీలాలకూ, నలుగురు పట్టుకుని కూర్చోబెట్టి గీసే గుండుకూ సంబంధం లేదు. మొదటిది మొక్కు. రెండోది, నీ ఒంటి మీద నీకే అధికారం లేదని ఊరంతటికీ కనిపించేలా చెప్పడం. గాయం అయితే చొక్కా కింద దాచుకోవచ్చు. గుండు కొట్టించుకుని, మీసం పోగొట్టుకుని వచ్చినవాడు ఇంటి గడప దాటితే చాలు, ఏం జరిగిందో అందరికీ తెలిసిపోతుంది. ఈ శిక్షను ఎంచుకునేదే అందుకు.

చట్టం దీన్ని చిన్న విషయంగా చూడలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినప్పుడు గుండు, మీసం అని విడిగా రాయలేదు, మనిషి గౌరవాన్ని కించపరిచే ఇలాంటి చర్యలన్న మాట కిందే అవి వచ్చేవి. 2015 సవరణలో బలవంతంగా గుండు చేయడం, మీసాలు తీసేయడం అని ఆ పనులనే పేరు పెట్టి 3(1)(ఇ) కింద చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. మామూలుగా ఈ నేరానికి కనీస శిక్ష ఆరు నెలలు, గరిష్ఠం ఐదేళ్ళు. నేరం చేసింది ప్రభుత్వోద్యోగి అయితే కనీస శిక్ష ఏడాది. అంటే సీతానగరంలో ఆ రోజు జరిగిన పనిని పార్లమెంటు అంతకు నాలుగేళ్ళ ముందే నేరంగా రాసిపెట్టింది.

గోదావరి జిల్లాలకు ఇది కొత్తా అంటే అదీ కాదు. 1996 డిసెంబర్ 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళితులను హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేశారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్ 16న. అప్పటికి ఎమ్మెల్సీగా ఉన్న తోట త్రిమూర్తులు సహా నిందితులకు 18 నెలల జైలుశిక్ష పడింది. పై కోర్టుకు వెళ్ళే హక్కు వాళ్ళకుంది. కానీ మొదటి మెట్టు తీర్పుకే 27 ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో ఎన్ని ఎన్నికలు జరిగాయో, ఎంతమంది సాక్షులు ముసలివాళ్ళయ్యారో ఆలోచించండి.

అపోహ: ఎస్సీ, ఎస్టీ కేసు పెడితే చాలు, ఎవరినైనా తెల్లారేసరికి లోపలేస్తారు. అందుకే అన్నీ దొంగ కేసులే.

వాస్తవం: వెంకటాయపాలెం గురించి చదివాక కూడా ఈ మాట అనగలరా? 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం కింద అరెస్టులకు ముందస్తు అనుమతి ఉండాలంది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి ఆ షరతులు తీసేసింది. 2019 అక్టోబర్‌లో కోర్టే తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది, 2020 ఫిబ్రవరి 10న 18ఏను సమర్థించింది. ఆ సెక్షన్ చెప్పేది కూడా అవసరమైతే అరెస్టు చేయడానికి పై అనుమతి అక్కర్లేదనే. అరెస్టు చేసి తీరాలని అందులో ఎక్కడా లేదు. ఏడేళ్ళ దాకా శిక్షపడే నేరాల్లో అరెస్టు అవసరం లేకపోతే నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. మన దగ్గర 41ఏ నోటీసు, స్టేషన్ బెయిల్ అని అందరికీ తెలిసిన పద్ధతి అదే. 2024 జూలై నుంచి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో అది 35వ సెక్షన్ అయింది.

ఇక కేసు కొట్టేశారంటే అబద్ధమనే అర్థమా? చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. నిందితులు బయటికొచ్చారని ఆ ఎనిమిది శవాలు అబద్ధమవుతాయా?

అపోహ: ఏదో ఒకటి చేసి ఉంటాడు. పోలీసులు ఊరికే పట్టుకోరుగా, నాలుగు తగిలిస్తే దార్లో పడతాడు.

వాస్తవం: చేశాడనే అనుకుందాం. శిక్ష వేయాల్సింది కోర్టు. పట్టుకున్న మనిషికి కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈ 24 గంటల నియమం రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు ఎలా చేయాలో వరసగా రాసి స్టేషన్లకు చేర్చమంది. వెంకటాయపాలెం ఘటన కూడా ఆ నెలలోదే.

అపోహ: ఎస్సై పెద్ద కులం వాడేం కాదు. ఇందులో కులం ఎక్కడుంది?

వాస్తవం: నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే చాలు, ఈ చట్టం వర్తిస్తుంది. అతను ఏ కులం, ఏ మతం అన్నది అడగదు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరు: లారీ ఆపిన కుర్రాడు ఊళ్ళోని పెద్దింటివాడై ఉంటే ఆ స్టేషన్‌లో గుండు గీసే కత్తి బయటికొచ్చేదా? నేను రాదనే అంటాను. ఏ పేట నుంచి వచ్చావన్న ఒక్క ప్రశ్నతో, బెంచీ మీద కూర్చోబెట్టాలో నేల మీద కూర్చోబెట్టాలో తేలిపోయే స్టేషన్లు మనకు కొత్త కాదు.

అపోహ: అమెరికాలోది రంగు గొడవ, ఇక్కడిది వేరు. పోలికే తప్పు.

వాస్తవం: రెండూ ఒకటి కావు, నిజమే. జాతి వివక్షపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 1968లో ఆమోదించింది. అందులో రంగుతో పాటు పుట్టుక వల్ల వచ్చే వివక్ష కూడా ఉంది. కులం దాని కిందికే వస్తుందని జెనీవాలోని ఆ ఒడంబడిక కమిటీ 2002లో చెప్పింది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. జెనీవా దాకా వెళ్ళకపోయినా, రాజమండ్రిలో ఈ పోలిక వందేళ్ళ కిందటే జరిగింది. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మీద పాట రాసి జైలుకు వెళ్ళిన రోజుల్లోనే, ఆ ఊరివాడైన కుసుమ ధర్మన్న నల్లదొరతనం వద్దని రాశారు. తెల్లవాడు చేస్తే అన్యాయమైనది మనవాడు చేస్తే ఆచారం ఎలా అయిందన్నది ఆయన నిలదీత. దానికి ఇప్పటికీ సరైన జవాబు ఎవరూ చెప్పలేదు.

అపోహ: ఆ కుర్రాడు తర్వాత నక్సలైట్లలో చేరతానన్నాడుగా. మొదట్నుంచీ ఆ బాపతే.

వాస్తవం: 2020 ఆగస్టులో అతను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌కు ఉత్తరం రాశాడు. ఎస్సై మీద చర్యతో సరిపెట్టి, వెనకున్నవాళ్ళను ముట్టుకోలేదని, న్యాయం దొరకనప్పుడు నక్సలైట్లలో చేరడానికి అనుమతి ఇవ్వాలని అడిగాడు. అడవిలోకి పోదలచినవాడు రాష్ట్రపతి అనుమతి కోసం అర్జీ పెట్టడు. రాజ్యాంగం మీద ఇంకా ఆశ చావని మనిషి వేదన అది. రాష్ట్రపతి కార్యాలయం కూడా దాన్ని పక్కన పడేయకుండా రాష్ట్ర ప్రభుత్వానికి పంపింది.

అపోహ: సస్పెండ్ చేశారుగా, అయిపోయింది.

వాస్తవం: సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ తేలేదాకా పక్కన పెట్టడం మాత్రమే. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్ళూ జీతంలో కొంత భాగం భృతిగా కూడా వస్తుంది. కేసు, చార్జిషీటు, సాక్ష్యం, తీర్పు అన్నీ దాని తర్వాతివే. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. కేసు ఎంతవరకు వచ్చిందో బాధితుడికి చెప్పి తీరాలి, 15ఏ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది.

ఫ్లాయిడ్ విషయంలో దారిన పోయే ఒక అమ్మాయి ఫోన్‌లో తీసిన వీడియో సాక్ష్యమైంది. స్టేషన్ లోపల దారిన పోయేవాళ్ళు ఉండరు. 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లోనూ, లాకప్ దగ్గర, వరండాలో, గేటు దగ్గర కెమెరాలు పెట్టమంది. రికార్డు 18 నెలలు ఉంచాలి, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకూడదు. స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాళ్ళు మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే కమిషన్ ఆ ఫుటేజీని తెప్పించవచ్చు. మనిషిని ఏ రోజు, ఎన్ని గంటలకు లోపలికి తీసుకెళ్ళారో ఇంట్లోవాళ్ళు వెంటనే కాగితం మీద రాసుకుని, ఆ గడువు లోపలే అడగాలి.