లైన్‌మన్ చాచా

మచిలీపట్నంలోని మా మొహల్లాలో ఆయన్ను అందరూ ‘లైన్‌మన్ చాచా’ అనే పిలిచేవారు. ఆయన అసలు పేరు పెన్షన్ కాగితాల్లోనూ, ఇటీవల మస్జిద్ మైకులో వినిపించిన జనాజా ప్రకటనలోనూ తప్ప పెద్దగా వాడుకలో లేదు. అందుచేత ఇక్కడా అలాగే పిలుచుకుందాం. 1971లో హెల్పరుగా విద్యుత్ ఉద్యోగంలో చేరి, 58వ ఏట పదవీ విరమణ చేశారు. ఆ తర్వాతి సంవత్సరాలన్నీ మస్జిదుకూ, వీధికీ ఇచ్చేశారు.

ఆయన జీవితాన్ని మలచిన ఘట్టం 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. దివిసీమలో పది వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. స్తంభాలు నిలబెట్టి తీగలు లాగే పనికి వెళ్లిన బృందాల్లో ఆయనా ఒకరు. కానీ స్తంభం పాతడానికి గుంత తవ్వేలోపు పక్కన శవాలు కనిపించేవట. ముందు వాటిని ఖననం చేయాలి, ఆ తర్వాతే విద్యుత్తు. ఏ శవం ఏ మతస్థునిదో విచారించే స్థితి లేదు. ఆనాటి నుంచి మొహల్లాలో ఎవరు మరణించినా గుసుల్ ఇచ్చేవారిలో ఆయన ముందుండేవారు. ప్రభుత్వ ఆసుపత్రిలో దిక్కులేని శవం ఉందని కబురందితే కఫన్ గుడ్డ తీసుకొని బయలుదేరేవారు.

ఆయన కళ్లెదుటే ఒక సహోద్యోగి మరణించాడు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నారు. తీగలో విద్యుత్తు లేదు. అయితే దగ్గరలోని ఒక మిల్లులో జనరేటరు వేశారు. చేంజోవర్ స్విచ్ లేకపోవడంతో ఆ విద్యుత్తు వెనుదిరిగి ట్రాన్స్‌ఫార్మరులోకి వెళ్లింది. పదకొండు వేల వోల్టులను 415కు తగ్గించే ఆ యంత్రమే, ఎదురు దిశలో 415ను పదకొండు వేలకు పెంచుతుంది. స్తంభం మీదున్న మనిషికి ఇది తెలిసే అవకాశమే లేదు. పని జరిగే చోటుకు ఇరువైపులా తీగలను ఎర్త్ చేసి ఉంటే ఆ ప్రాణం నిలిచేది. ఆ తర్వాత, పెళ్లి పందిట్లో జనరేటరు కనిపిస్తే చాలు, చాచా బిర్యానీ సంగతి మరచి స్విచ్ ఎక్కడుందో వెతికేవారు. జనం నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు.

ఒక రమజాన్‌లో జరిగిన సంఘటన మా పెద్దలకు ఇప్పటికీ గుర్తే. మస్జిదుకు దీపాల తోరణాలు కట్టి, వీధి స్తంభానికి కొక్కెం తగిలించి విద్యుత్తు తీసుకున్నారు. ఏటా జరిగేదే. లైన్‌మన్ మనవాడే గనుక అడిగేవారు ఉండరని కూడా కొందరి ధీమా. ఆయన ఇషా నమాజుకు వచ్చి, చూసి, స్వయంగా ఆ కొక్కెం తీసేశారు. కమిటీ సదర్ సాహెబ్ మండిపడ్డారు. “దొంగ కరెంటు వెలుతురులో తరావీహ్ చదవమంటారా, సదర్ సాహెబ్? ఇది నాకు అప్పగించిన అమానతు” అన్నారట. ఆ రాత్రి తోరణాలు వెలగలేదు. కొందరు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. మరుసటి ఏడాది కమిటీ డబ్బు కట్టి, మీటరుతో తాత్కాలిక కనెక్షన్ తీసుకుంది. చందా పుస్తకంలో అందుకు మొదటి రసీదు ఆయన పేరు మీదే ఉంది. ధార్మిక కార్యానికి చిన్న తప్పు ఫర్వాలేదనే వాదన మన వీధుల్లో ఎంత బలమైనదో ఎరిగినవారికే, ఒంటరిగా నిలబడి దాన్ని కాదనడం ఎంత కష్టమో తెలుస్తుంది.

దైవప్రవక్త (స) మస్జిదును ఊడ్చే ఒక స్త్రీ మరణిస్తే, అది ఆయనకు చెప్పవలసినంత విషయం కాదని సహచరులు భావించారు. సంగతి తెలిశాక ఆయన (స) ఆమె సమాధి ఎక్కడో చూపించమని అడిగి, అక్కడికి వెళ్లి నమాజు చేశారు. మన మస్జిదుల్లో చందాదారుల పేర్లు పాలరాతి మీద చెక్కిస్తాం. వజూ నీళ్ల మోటారును అర్ధరాత్రి బాగుచేసిన వ్యక్తి పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని చాచా కూడా ఏనాడూ కోరలేదు.

పదవీ విరమణ తర్వాత ఆయన చేసిన పనుల్లో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచేది, కంటికి ఆనని ఒక పని. పేదల ఇళ్లలో ఇనుప కూలర్లకు, నీళ్ల మోటార్లకు ఎర్త్ ఉండదు. తడి చేత్తో తాకిన తల్లో బిడ్డో బలవుతారు. ఆయన ఇంటింటికీ తిరిగి గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, ఎర్త్ తీగ కలిపేవారు. కూలీ తీసుకునేవారు కాదు. తీగ ఖరీదు మాత్రం ఉన్నవారి దగ్గర తీసుకొని లేనివారికి తానే పెట్టుకునేవారు. వేసవిలో నేల ఎండిపోతే ఎర్త్ పనిచేయదు. అందుకని ఏ ఇంటి గుంతలో ఎప్పుడు నీళ్లు పోయాలో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారు. వితంతువులు, వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్లకు తానే బిందెతో వెళ్లేవారు.

చాచీ ఆ పుస్తకాన్ని మస్జిద్ ఇమాం గారికి అప్పగించారు. ఇప్పుడు ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్లు ప్రతి శుక్రవారం అసర్ తర్వాత దాన్ని పట్టుకొని బయలుదేరుతున్నారు. కొన్నిచోట్ల ఆయన చేతిరాత అర్థం కాక, ఇల్లు ఎవరిదో చాచీనే అడిగి వెళుతున్నారు.