రాతిలో దొరకిన పీత

వరిగట్లకు బొక్కలు పెట్టి నీరు జారవిడుచు పీతను రైతు మిత్రునిగా నెంచడు. కొన్ని తావుల దీనిని ఎండ్రకాయ యందురు. పేరేదైనను, గట్టు త్రవ్వి పట్టినపుడు దానిని వెల్లకిల త్రిప్పి, పొట్టక్రింద మడిచియున్న రేకును చూచి, ఇది ఆడుది, ఇది మగది యని మన పిల్లలు సైతము చెప్పగలరు. రేకు వెడల్పై గుండ్రముగా నున్నచో ఆడుది. సన్నమై కొనదేరియున్నచో మగది. లక్షలకొలది యేండ్ల క్రిందట చచ్చి రాతిలో నిలిచిపోయిన పీతను గుర్తించు పండితులును ముందుగా చూచువానిలో ఈ రేకు ఒకటి.

అట్టి పీతలు బాగుగా నిలిచిన చోట్లలో న్యూజీలండు ఒకటి. ఆ దేశపు దక్షిణద్వీపమున ఉత్తర కాంటర్బరీ తీరమందు, మోటునౌ, గ్లెనాఫ్రిక్ అను చోట్ల, సముద్రపుటలల తాకిడికి గట్లు విరిగి పడుచుండును. మెత్తని మట్టి కొట్టుకొనిపోగా గట్టి గుండురాళ్లు ఒడ్డున మిగులును. వానిలో కొన్నిటి కడుపున పీతలు కలవు. వీనిలో మిక్కిలి పేరుగన్నది టుమిడోకార్సినస్ జైగాంటియస్ అనునది. ఉబ్బిన డిప్పగల మహాపీత యని చెప్పవచ్చును. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయమున పనిచేసిన మార్టిన్ గ్లెస్నర్ అను పండితుడు 1960 లో దీనిని వర్ణించి పేరిడెను. ఇది మయోసీను యుగపు సముద్రజీవి. ఆ యుగము 2 కోట్ల 30 లక్షల యేండ్ల క్రిందట మొదలై 53 లక్షల యేండ్ల క్రిందట ముగిసినది. మన పొలములలోని మంచినీటి పీత వేఱు, ఇది వేఱు. అయినను ఒడలి కట్టుబాటు ఒక్కటే.

పీత చచ్చిన కొలది దినములకే కీళ్లు సడలి కాలొకచోట, డిప్పయొకచోట పడును. మిగిలినది ఇతర జీవుల పాలగును. అట్లు గాక వెంటనే బురద కప్పివేసెనేని, కుళ్లుచున్న మాంసమువలన చుట్టునున్న నీటి గుణము మాఱి, అందలి సున్నము పేరుకొని, బురదను రాయివలె బిగించును. మన నల్లరేగడిలో నాగటికి తగులు సున్నపు గులకరాళ్లును నేలలోని నీటినుండి సున్నము పేరుకొనుటచే నేర్పడినవే. అచ్చట మాత్రము ఆ పేరుకొనుటకు పీత కళేబరమే నడుమ నిలిచినది.

గుండురాయి యెల్ల పీతరాయి కాదు. పెక్కింటిలో ఏమియు నుండదు. అందుచే వెదకువారు రాతిమీద నల్లగానో గోధుమవన్నెగానో కానవచ్చు చిన్న గుర్తును కనిపెట్టుదురు. అది అరిగి బయటపడిన కాలి అడ్డుకోత కావచ్చును, డెక్క కొన కావచ్చును. ఇక్కడనే చేయి దురదపెట్టును. సుత్తితో ఒక్క దెబ్బ వేసినచో రాయి పీత నడుమగా పగిలి, డిప్ప ఒక చెక్కతోను, పొట్ట ఒక చెక్కతోను పోవచ్చును. తెలిసినవారు గాలి యొత్తిడిచే తటతట కొట్టుకొను ఉక్కుసూదితో రాతిని రవ్వరవ్వగా తొలగింతురు. ఒక్క పీతకే దినములకొలది పట్టును. పులిసిన ద్రావకమున నానవేయుదమన్నచో, డిప్పయు సున్నమే గనుక రాతితోబాటు పీతయు కరగును.

ఇంత యోర్పు ఏల? డిప్ప వెడల్పు పొడవులు, ముందుటంచున కన్నుల నడుమ రూపు, ప్రక్కల పండ్లు, లోని యవయవములకు మీదుగా నున్న గాళ్లు, డెక్కల తీరు, పొట్టక్రింది రేకు, ఇవన్నియు కలిపి చూచిననే పేరు తేలును. ఈ మహాపీతలో ఎదిగిన మగదానికి ఒక డెక్క మిక్కిలి పెద్దదిగా పెరుగును. ఆడుదానికి అంతగా పెరుగదు. డెక్క యొకచోట, డిప్ప యొకచోట దొరకినచో రెండును ఒకే జాతివని యెవరు చెప్పగలరు? ఒక జాతిని రెండుగా లెక్కించుటయు, రెండింటిని ఒకటిగా కలుపుటయు ఇట్టి తునకలవలననే జరుగును. కీళ్లు సడలని ఒక్క పీత బుట్టెడు తునకలకంటె మేలు.

మఱియొక చిక్కు కలదు. పీత పెరుగుచు పాత గుల్లను విడుచును. గుల్ల వెనుకప్రక్క విచ్చుకొనగా జీవి వెనుకనుండి వెలుపలికి వచ్చును. కాబట్టి రాతిలో డిప్ప వెనుక లేచియున్నచో అది విడిచిన గుల్ల కావచ్చును, బిగిసియున్నచో కళేబరమగును. అలలు కదల్చిన కళేబరమును ఒక్కొక్కపుడు గుల్లవలెనే కనబడును గనుక తొందరపడి తీర్పు చెప్పరాదు. పేరు పెట్టిన పిమ్మటను విచారణ ముగియదు: గ్లెస్నర్ పేరిడిన నలువదియైదేండ్లకు, 2005 లో, ఈ పీతలకు వేఱొక కుటుంబమునే యేర్పఱచిరి.

రాయి యే పొరలోనిదో తెలియనిచో దాని వయస్సు చెప్పుట కష్టము. ఎంత యందమైనదైనను అంగడిబొమ్మతో సమానమగును. న్యూజీలండువారి 1975 నాటి చట్టము ప్రకారము ముఖ్యమైన శిలాజములను అనుమతి లేనిదే దేశము దాటింపరాదు.

మనకును ఇట్టి తావులు లేకపోలేదు. రాజమహేంద్రవరము చెంత కాతేరు వద్దను, గోదావరికి పడమటి గట్టున పంగిడి వద్దను, నల్లరాతి పొరల నడుమ సున్నపురాతిలో ఆలిచిప్పలును ఇతర గుల్లలును కలవు. ఒకప్పుడు ఉప్పునీరు అంతవఱకు వచ్చెననుటకు అవి సాక్ష్యము. నూయి త్రవ్వునపుడో, రాయి కొట్టునపుడో మన సభ్యులలో నెవరికైన గుల్లగుర్తుగల రాయి దొరకినచో, కడుగక, గీకక, ఊరు, సర్వే నంబరు, ఎన్ని యడుగుల లోతున ఏ రంగు మట్టిలో దొరకెనో కాగితముపై వ్రాసి దానితో చుట్టి యుంచవలెను. అప్పటికే పగిలియున్నచో రెండు చెక్కలను దాచవలెను. జీవి ఒకదానిలో నున్నను, దాని యచ్చు రెండవదానిలో నుండును.